పెట్టుబడి, రాబడి, కట్టుబడి: బోధన్ చెరకు సీమ నేపథ్యంలో ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

పెట్టుబడిదారులు తమ అనుభవాలను తాత్త్విక చింతనగా మలచి చెప్పే రచనలు ఆధునిక కాలంలో ఒక ప్రత్యేక ప్రక్రియగా రూపుదిద్దుకున్నాయి. పారిశ్రామికవేత్తల ఆత్మకథలు, స్నాతకోత్సవ ప్రసంగాలు, సంస్థల వార్షిక నివేదికలకు ముందు అచ్చయ్యే లేఖలు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో మూడు భావనలు తరచుగా కనిపిస్తాయి: పని, ఆలోచన, మానవ సామర్థ్యం. మంచి ఆలోచన ఎక్కడైనా పుట్టవచ్చుననీ, ప్రతి మనిషిలోనూ వెలికిరాని శక్తి ఒకటి దాగి ఉంటుందనీ, దానిని గుర్తించి సొమ్ము పెట్టేవాడు ఆ శక్తికి దారి చూపుతాడనీ ఈ రచనల సారాంశం.

ఈ అభిప్రాయంలో సత్యం లేకపోలేదు. నీరు లేని నేలలో రైతు నైపుణ్యం ఎంత ఉన్నా చెరకు పండదు. గానుగ లేని ఊళ్ళో పండిన చెరకు చక్కెర కాదు. ముందుగా ఎవరో ఒకరు ధనాన్ని, ధైర్యాన్ని పణంగా పెట్టకపోతే అనేక మంది శక్తియుక్తులు బయటపడే సందర్భమే రాదు. అయితే ఈ వాదం ఒక ప్రశ్నను వదిలివేస్తుంది. పెట్టుబడి మనిషిలోని సామర్థ్యాన్ని వెలికితీస్తుందన్నది నిజమైతే, ఆ పెట్టుబడి వెనుదిరిగినప్పుడు ఆ సామర్థ్యం ఏమవుతుంది? దానికి జవాబుదారీ ఎవరు?

ఈ ప్రశ్నను నిరాధారంగా చర్చించడం కంటే, ఒక స్థలంలో నిలిపి పరిశీలించడం ప్రయోజనకరం. నిజామాబాద్ పట్టణం, దానికి పడమట ఉన్న బోధన్ చెరకు సీమ అందుకు తగిన క్షేత్రం. ఒక శతాబ్దంలోపే ఇక్కడ పెట్టుబడి రావడమూ జరిగింది, పోవడమూ జరిగింది. రాచరిక ప్రభుత్వం, ప్రజా ప్రభుత్వం, సహకార సంఘం, ప్రైవేటు సంస్థ అనే నాలుగు రూపాలలోనూ పెట్టుబడిని చూసిన ప్రాంతమిది.

పదాల సాక్ష్యం

తెలుగులో పెట్టుబడి అన్న మాట నిర్మాణమే ఈ విచారణకు ఒక ప్రవేశద్వారం. పెట్టు అనే క్రియకు పడు ధాతుసంబంధమైన రూపం చేరి, పకారం బకారంగా మారి ఏర్పడిన మాట ఇది. రాబడి, దిగుబడి, చెల్లుబడి, పలుకుబడి, ఏలుబడి, కట్టుబడి దీనికి తోబుట్టువులు. ఒక క్రియ జరిగి, దాని ఫలితం లోకవ్యవహారంలో స్థిరపడడాన్ని ఈ మాటలన్నీ సూచిస్తాయి. పలికిన మాటకు సమాజంలో ఏర్పడిన విలువ పలుకుబడి. నాణెం పదిమంది చేతుల్లోనూ ఆమోదం పొందడం చెల్లుబడి. ఒక్క వ్యక్తి ఇచ్ఛతో ఇవి సిద్ధించవు. ఎదుటివారి అంగీకారం లేనిదే పలుకుబడీ లేదు, చెల్లుబడీ లేదు.

పెట్టుబడి, రాబడి అనే జంటను అర్థశాస్త్రం స్వీకరించింది. పెట్టినది ఎంత, వచ్చినది ఎంత అన్న లెక్క ఆ జంటలో ఇమిడి ఉంది. రైతు వాడుకలో వీటి నడుమ దిగుబడి కూడా ఉంటుంది. దిగుబడి బాగున్నా ధర లేక రాబడి రాకపోవచ్చునని ప్రతి రైతుకూ తెలుసు. నేల ఇచ్చేది దిగుబడి, బజారు ఇచ్చేది రాబడి. ఈ భేదాన్ని పాటించే భాష, శ్రమఫలితానికీ దాని వెలకూ మధ్య ఉన్న ఎడాన్ని ముందే గుర్తించిందని చెప్పవచ్చు.

ఈ కుటుంబంలో నైతిక చర్చకు అత్యంత కీలకమైన మాట కట్టుబడి. ఒక మాటకో నియమానికో బద్ధుడై ఉండడం దీని ప్రసిద్ధార్థం. ఒకప్పటి రెవెన్యూ పరిభాషలో దీనికి మరో అర్థం ఉండేది. గ్రామసేవకు ప్రతిగా ఇచ్చిన ఇనాం భూములపై విధించే స్వల్పమైన పన్నును కట్టుబడి అనేవారు. భూమిని అనుభవించేవాడు సేవకు బద్ధుడు. సేవ పొందే వ్యవస్థ ఆ అనుభవాన్ని కాపాడడానికి బద్ధం. ఆ వ్యవస్థలో కులపరమైన అసమానతలు ఎన్నో ఉన్నాయి, దానిని ఆదర్శంగా భావించనవసరం లేదు. అయినా బంధం రెండు వైపులా ఉండాలన్న స్ఫురణ ఆ మాటలో నిలిచి ఉంది. పెట్టుబడికీ రాబడికీ మధ్య కట్టుబడి స్థానం ఏమిటన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

నీరు, కర్మాగారం, ఊరు

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దీని రూపకల్పనలో హైదరాబాదు రాజ్యపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పాత్ర ప్రధానమైనది. సుమారు 2,75,000 ఎకరాలకు సాగునీరు అందించాలన్నది నాటి లక్ష్యం. నీరు వచ్చిన తరువాత ఆ నీటిని తగినంతగా వినియోగించే సేద్యం కావలసి వచ్చింది. కోస్తా జిల్లాల నుండి కాలువ సేద్యం తెలిసిన రైతుకుటుంబాలు బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు తరలివచ్చాయి. వారు విడిది చేసిన చోట్లు ఊళ్ళుగా స్థిరపడినా, నేటికీ క్యాంపులుగానే వ్యవహారంలో ఉన్నాయి. తాత్కాలిక విడిదిని సూచించే మాట శాశ్వత గ్రామనామంగా మారడం గమనించదగ్గది.

హైదరాబాదు ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసి, పరిశ్రమల వాటాలలో సొమ్ము పెట్టే విధానాన్ని చేపట్టింది. ఈ నేపథ్యంలోనే 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. ఒక దశలో అది ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పొందింది. దాని చుట్టూ ఏర్పడిన కార్మికవాడ పేరు శక్కర్‌నగర్. అశ్మక జనపద రాజధాని పోదనపురంగా చరిత్రకారులు గుర్తించే ప్రాచీన పట్టణం పక్కనే, తాను తయారుచేసే సరుకును పేరుగా ధరించిన కొత్త ఊరు వెలసింది.

ఈ క్రమంలో ఒక అంశం స్పష్టం. రాజ్యం నీటిలో సొమ్ము పెట్టింది. వలస రైతు తన స్వగ్రామపు ఆస్తిని అమ్మి నేలలో పెట్టాడు. స్థానిక రైతు తరతరాల మెట్ట సేద్యాన్ని విడిచి కొత్త పంటకు సాహసించాడు. చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చిన కూలి తన యౌవనాన్ని గానుగశాలలో పెట్టాడు. వీరిలో వాటాపత్రం ఉన్నవాడిని మాత్రమే పెట్టుబడిదారు అనడం లెక్కల సౌలభ్యం కోసం ఏర్పడిన అలవాటు. నైతిక దృష్టికి ఆ అలవాటు చాలదు.

పని

చెరకు పని స్వభావాన్ని అర్థం చేసుకుంటే ఈ విషయం మరింత తేటపడుతుంది. చెరకు నాటిన తరువాత కోతకు సుమారు ఏడాది పడుతుంది. మొక్క తోట కోశాక అదే మొదళ్ళ నుండి కార్శి తోటను పెంచుతారు. ఒకసారి చెరకు వేసిన రైతు కనీసం రెండు మూడేళ్ళ వరకు ఆ పంటకు కట్టుబడినట్లే. కోసిన చెరకును నిల్వ చేయడం సాధ్యం కాదు. కోసిన గంట నుండి దానిలోని తీపి తగ్గుతూ వస్తుంది. ఒకటి రెండు రోజులలో గానుగకు చేరకపోతే తూకమూ పడిపోతుంది, చక్కెర శాతమూ పడిపోతుంది. అందుకే కోతకు కర్మాగారం ఇచ్చే ఆర్డరు కోసం రైతు ఎదురుచూస్తాడు. ధాన్యం రైతుకు మరో బజారును వెతుక్కొనే వెసులుబాటు కొంతైనా ఉంటుంది. చెరకు రైతుకు అందుబాటులోని కర్మాగారమే బజారు.

కర్మాగారంలోనూ ఇదే పరస్పరాశ్రయం కనిపిస్తుంది. గానుగాడిన రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో తేటపరచి, ఆవిరితో చిక్కబరిచి, గాలి తీసిన పాన్‌లో గింజ కట్టేలా చేస్తారు. గింజ కట్టే క్షణాన్ని పట్టుకోవడం పాన్ వద్ద నిలిచే కార్మికుడి విద్య. గాజుపలకపై ఒక చుక్క పాకాన్ని తీసుకొని వెలుతురులో చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, ఇంకా రసం పోయాలో ఆపాలో అతడు నిర్ణయిస్తాడు. మాపక యంత్రాలు వచ్చిన తరువాత కూడా ఈ చేతి తెలివికి విలువ పూర్తిగా పోలేదు. పల్లెలో బెల్లం వండేవారు పాకాన్ని చన్నీళ్ళలో వేసి ఉండకట్టి చూసే తెలివికి ఇది దూరపు బంధువు.

ఈ నైపుణ్యం ఎక్కడ ఉంది? కార్మికుడి వేళ్ళలో ఉందనడం సహజం. కాని పాన్ లేనప్పుడు ఆ వేళ్ళు ఏమీ నిర్ణయించలేవు. చెరకు రాని ఏడాది పాన్ ఉండీ ప్రయోజనం లేదు. కాలువలో నీరు లేకపోతే చెరకే లేదు. సామర్థ్యం వ్యక్తిలో దాగిన నిధి వంటిదన్న భావన ఈ సందర్భానికి సరిపోదు. అది నీరు, నేల, యంత్రం, ఋతువు, తోటివారు కలిసి అల్లిన నేతలో ఒక పోగు. పోగును నేత నుండి లాగితే పోగు మిగులుతుంది, నేసినప్పుడు దానికున్న రూపం మిగలదు.

ఆలోచన

పెట్టుబడిదారుల రచనలలో ఆలోచనకు ఉన్నత స్థానం ఉంటుంది. ఆలోచన గలవాడు ఒకడు, సొమ్ము గలవాడు ఒకడు, వారిద్దరూ కలుసుకోవడమే సృష్టి అని ఆ రచనలు భావిస్తాయి. పని చేసేవాడు ఆ చిత్రంలో తరువాత ప్రవేశిస్తాడు. నిజామాబాద్ ప్రాంత అనుభవం ఈ క్రమాన్ని ప్రశ్నిస్తుంది.

ఆర్మూరు సమీపంలోని అంకాపూర్ విత్తనోత్పత్తికి పేరుపొందిన గ్రామం. జొన్న, మొక్కజొన్న విత్తనాలను కంపెనీలతో ఒప్పందం చేసుకొని పండించే పద్ధతిని అక్కడి రైతులు సమష్టిగా అలవరచుకున్నారు. బేరమాడడం, నాణ్యతను కాపాడుకోవడం, ఊరి మొత్తానికీ ఒక మాట ఉండడం వంటివి పంటతోపాటు పెంచుకున్న ఆలోచనలు. ఏ ఒక్క మేధావి బుర్రలోనో పుట్టి పైనుండి దిగివచ్చినవి కావు. పని చేస్తూ చేస్తూ పనివారిలో రూపొందినవి.

దీనికి భిన్నమైన స్థితి నిజామాబాద్ బీడీ పరిశ్రమలో ఉంది. ఇంటి అరుగుల మీద కూర్చొని తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టే స్త్రీల వేళ్ళ వేగం అబ్బురపరిచేది. వేతనం మాత్రం వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు, పొగాకు ఇచ్చేవాడు ఆమె చేతిని కోరతాడు, ఆమె ఆలోచనను కోరడు. ఆకు నాణ్యత, తరుగు గురించి ఆమెకు తెలిసినది ఎంతైనా ఉండవచ్చు. దానిని అడిగే ఏర్పాటు ఆ పనిలో లేదు. ఇక్కడ పెట్టుబడి సామర్థ్యాన్ని వెలికితీసిందా, లేక అందులో ఒక చిన్న భాగాన్ని మాత్రమే తనకు కావలసినంత వాడుకుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

పెట్టుబడికి ఏమాత్రం సంబంధం లేని ఆలోచనకు కూడా ఈ పట్టణంలోనే సాక్ష్యం ఉంది. నిజాం పాలన చివరి దినాలలో నిజామాబాద్ కోట జైలులో బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాసిన ఉదంతం తెలుగు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. బొగ్గుముక్క, గోడ తప్ప మరే వనరూ లేని స్థితిలో, ఫలితాన్ని ఆశించే అవకాశమే లేని చోట, మానవ సామర్థ్యం తన మాట తాను చెప్పుకుంది. సామర్థ్యం పెట్టుబడి కోసమే ఎదురుచూస్తుందన్న సాధారణీకరణకు ఈ ఒక్క ఉదాహరణ చాలినంత అడ్డంకి. అయితే గానుగశాల కార్మికుడికి ఈ ఉదాహరణను యథాతథంగా వర్తింపజేయలేము. బొగ్గుముక్కతో పద్యం వ్రాయవచ్చు, చక్కెర తీయలేము. కొన్ని సామర్థ్యాలకు సమష్టి సాధనం అనివార్యం. ఆ సాధనం ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న అందుకే నైతిక ప్రశ్న అవుతుంది.

సామర్థ్యం, పరిమిత బాధ్యత

మనిషి విద్యను, నైపుణ్యాన్ని ఒక రకమైన మూలధనంగా చూడాలన్న వాదాన్ని థియొడోర్ షుల్ట్జ్ 1961లో ప్రచురితమైన తన ప్రసిద్ధ వ్యాసంలో బలంగా ప్రతిపాదించాడు. ఆ దృష్టి వల్ల విద్యపై, ఆరోగ్యంపై చేసే వ్యయానికి గౌరవం పెరిగింది. అమర్త్య సేన్ దీనిని అంగీకరిస్తూనే, మానవ మూలధనానికీ మానవ సామర్థ్యానికీ మధ్య భేదం చూపాడు. మొదటిది మనిషిని ఉత్పత్తికి సాధనంగా లెక్కిస్తుంది. రెండవది, మనిషి తాను విలువైనదిగా భావించే జీవితాన్ని నిజంగా గడపగలడా అని అడుగుతుంది. బోధన్ చరిత్రలోని రెండవ అధ్యాయాన్ని ఈ భేదం వెలుగులో చదవవలసి ఉంది.

ప్రభుత్వరంగ సంస్థగా కొనసాగిన కర్మాగారంలో 2002లో 51 శాతం వాటా ఒక ప్రైవేటు సంస్థకు బదిలీ అయింది. నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అన్న సంయుక్త సంస్థ ఏర్పడింది. ప్రభుత్వం వద్ద 49 శాతం మిగిలింది. ఈ బదలాయింపు శాసనసభలో వివాదాస్పదమై సభాసంఘం పరిశీలనకు వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి కర్మాగారాలు మూతపడ్డాయి. డిసెంబరు గానుగాడే కాలం. తరువాత వ్యవహారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు చేరి, 2019లో లిక్విడేషన్ దశకు వచ్చింది. చెరకు పండిన చాలా పొలాలు వరి వైపు మళ్ళాయి.

సంస్థ పేరు చివర ఉన్న లిమిటెడ్ అన్న మాట వద్ద కొంత ఆగడం అవసరం. వాటాదారు నష్టం అతడు పెట్టిన సొమ్ముకే పరిమితమని ఆ మాట చట్టపరంగా హామీ ఇస్తుంది. ఆధునిక పరిశ్రమ విస్తరణకు ఈ హామీ ఎంతో దోహదం చేసింది. అయితే అదే కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పాన్ వద్ద నిలిచిన కార్మికుడి నష్టానికి అటువంటి హద్దు లేదు. జీతం పోవడం అందులో ఒక భాగం మాత్రమే. అతడి వేళ్ళకు తెలిసిన విద్య ఎవరికీ అక్కరలేనిదైంది. నలుగురిలో అతడికున్న పేరు, కొడుకుకు నేర్పగలిగిన పని, కాలనీలోని ఇల్లు, పండుగ బోనస్ చుట్టూ అల్లుకున్న సంవత్సర చక్రం ఒక్కసారిగా సడలిపోయాయి. వాటాదారు తన సొమ్మును మరో రంగానికి మళ్ళించగలడు. కార్మికుడు తన ముప్ఫై ఏళ్ళను మళ్ళించలేడు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. క్షీణిస్తున్న సంస్థ ఎదుట మనిషికి రెండు మార్గాలు ఉంటాయి: బయటకు వెళ్ళిపోవడం, లోపల ఉండి గొంతు విప్పడం. పెట్టుబడికి మొదటి మార్గం సులభం. చెరకు రైతుకు, కార్మికుడికి రెండవదే మిగులుతుంది. బయటకు వెళ్ళే మార్గం సులభమైనవారి చేతిలోనే నిర్ణయాధికారం ఉండి, వెళ్ళలేనివారి గొంతుకు స్థానం లేకపోవడం ఈ చరిత్రలోని మౌలికమైన అన్యాయం.

బయటకు వెళ్ళడం పేదవాడికి ఎంత ఖరీదైనదో గల్ఫ్ వలస తెలుపుతుంది. నిజామాబాద్ జిల్లా పల్లెల నుండి దశాబ్దాలుగా యువకులు గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. వీసా కోసం, ఏజెంటు కోసం వడ్డీకి తెచ్చిన సొమ్ము నిజార్థంలో పెట్టుబడే. అందులో పణంగా పెట్టినది శరీరం, ఆయుస్సు, కుటుంబ సాన్నిధ్యం. నష్టం వస్తే అప్పు ఊళ్ళోనే ఎదురుచూస్తుంది. పెట్టుబడిదారు సాహసాన్ని కీర్తించే సాహిత్యంలో ఈ సాహసికి చోటు లేకపోవడం ఆ సాహిత్యపు పరిమితిని చూపుతుంది.

పూర్వపక్షం

ఈ వాదానికి బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది, పెట్టుబడికి శాశ్వత బంధనం వేస్తే అది అసలు రాదు. జాన్ మేనార్డ్ కీన్స్ స్వయంగా పెట్టుబడులు నిర్వహించిన ఆర్థికవేత్త. బోధన్ కర్మాగారం కంటే ఒక్క ఏడాది ముందు, 1936లో వెలువడిన తన ప్రధాన గ్రంథంలో ఆయన, పెట్టుబడిని వివాహం వలె విడదీయరానిదిగా చేస్తే మేలేమోనన్న తలంపును ప్రస్తావించాడు. అలా చేస్తే పెట్టినవాడు దీర్ఘకాలిక ఫలితంపైనే మనసు నిలుపుతాడని ఆయన భావం. ఆ వెంటనే ఆయనే చిక్కును కూడా చూపాడు. వెనక్కి తీసుకోగలనన్న భరోసా ఉన్నందువల్లనే చాలామంది సొమ్ము పెట్టడానికి సాహసిస్తారు. ఆ భరోసాను తొలగిస్తే కొత్త పెట్టుబడి ఆగిపోవచ్చు.

రెండవ ఆక్షేపణ, నష్టాల్లో ఉన్న కర్మాగారాన్ని కేవలం అనుబంధం కోసం నడపడం సాధ్యం కాదన్నది. నిజాంసాగర్‌లో పూడిక పేరుకొని నిల్వ సామర్థ్యం గణనీయంగా తగ్గింది. యంత్రాలు పాతబడ్డాయి. చక్కెర ధర, చెరకు ధర రెండూ ప్రభుత్వ విధానాల మధ్య నలిగాయి. నష్టానికి ఎవరో ఒకరు బాధ్యులని తేల్చడం తేలిక, నష్టాన్ని భరించేవారిని చూపడం కష్టం.

మూడవది, యాజమాన్య రూపం మారితే సమస్య తీరుతుందన్న నమ్మకానికి సంబంధించినది. విశాఖ సీమలోని ఏటికొప్పాకలో 1933లోనే రైతుల సహకార చక్కెర సంఘం ఏర్పడింది. మహారాష్ట్రలో ప్రవరానగర్ సహకార కర్మాగారం 1950 ప్రాంతంలో మొదలై గ్రామీణ పరిశ్రమకు నమూనాగా నిలిచింది. బోధన్ విషయంలోనూ రైతుల సహకార సంఘానికి అప్పగించాలన్న ఆలోచన ప్రభుత్వ స్థాయిలో చర్చకు వచ్చింది, కార్యరూపం దాల్చలేదు. అయితే నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం కూడా మూతపడింది. సహకారం అన్న పేరు ఒక్కటే దానిని కాపాడలేదు. ప్రభుత్వం, సహకార సంఘం, ప్రైవేటు సంస్థ మూడూ ఈ నేలపై విఫలమైనప్పుడు, ప్రైవేటు పెట్టుబడిదారునొక్కడినే నైతిక విచారణకు నిలబెట్టడం న్యాయమా?

సిద్ధాంతం

ఈ ఆక్షేపణలు ప్రశ్నను రద్దు చేయడం లేదు, దానిని సరైన చోటికి చేరుస్తున్నాయి. ఎవరి యాజమాన్యం అన్నదాని కంటే ఎవరికి కట్టుబడి అన్నది మౌలికమని అవి తేటపరుస్తున్నాయి. ప్రభుత్వం కూడా కట్టుబడి లేని యజమాని కాగలదు. సహకార సంఘం సభ్యుల గొంతును వినడం మానివేస్తే అదీ అంతే.

కట్టుబడి అంటే ఎన్నడూ వెళ్ళకూడదన్న శాసనం కానక్కరలేదు. చెరకు చట్టపరిధిలోనే దీనికి ఒక సూచన ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరకు అందిన 14 రోజుల లోపల కర్మాగారం రైతుకు ధర చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలి. చెరకు వేచి ఉండలేదు గనుక రైతు ముందే నమ్మి ఇస్తాడు, ఆ నమ్మకానికి గడువు విధించవలసి ఉంటుంది అన్న నైతిక గుర్తింపు ఈ నియమం వెనుక ఉంది. తోలిన చెరకుకు వర్తించే ఈ న్యాయం, నాటిన చెరకుకు ఎందుకు వర్తించకూడదు? కర్మాగారం ఉంటుందన్న నమ్మకంతో రెండు మూడేళ్ళ పంట నాటిన రైతుకు, కనీసం ఒక మొక్క తోట, ఒక కార్శి పూర్తయ్యేంత ముందస్తు సమాచారం ఇవ్వడం కట్టుబడిలోని మొదటి అంశం.

రెండవ అంశం గొంతుకు సంబంధించినది. నష్టానికి హద్దులేనివారికి నిర్ణయంలో స్థానం ఉండాలి. మూసివేత, అమ్మకం వంటి నిర్ణయాలలో వాటాలే ఓట్లుగా లెక్కకు వచ్చేచోట, ఆయుస్సు పెట్టినవారి మాట సలహాగా కూడా నమోదు కాకపోవడం సమర్థనీయం కాదు. గాంధీజీ ప్రతిపాదించిన ధర్మకర్తృత్వ భావన ధనవంతుడి అంతరాత్మపై ఆధారపడింది. అంతరాత్మ గొప్పదే. అయితే ట్రస్టు అన్న మాటకు చట్టంలోనూ ఒక అర్థం ఉంది. ఎవరి మేలు కోసం నిధి ఉందో వారు లెక్క అడగగలగాలి. 1929 నాటి పారిశ్రామిక నిధి పేరులో ఉన్న ఆ మాటను గంభీరంగా తీసుకుంటే, శక్కర్‌నగర్ కార్మికుడు కూడా లెక్క అడగదగినవాడే.

మూడవది నైపుణ్యానికి సంబంధించిన బాధ్యత. ఒక పెట్టుబడి తన అవసరం కోసం మనుషుల్లో ఒక విద్యను పెంచినప్పుడు, వెళ్ళేటప్పుడు ఆ విద్య నిలిచే మార్గం చూడడం దాని ఋణం. కర్మాగారాన్ని నడపగలిగినవారికి ముందుగా అప్పగించే అవకాశం, యంత్రాలను తుక్కు ధరకు అమ్మే ముందు ఆ యంత్రాలు తెలిసినవారిని అడగడం, వేరే చోట పని దొరికే ఏర్పాటు ఇందులోకి వస్తాయి. దీనిని దానం అనడం తగదు. నేర్చినవాడు నేర్చుకొనే కాలాన్ని తన జీవితం నుండి ఇచ్చాడు. ఆ కాలం సంస్థ లెక్కల పుస్తకంలో ఏ పద్దు కిందా లేదు.

వీటివల్ల పెట్టుబడి భయపడి రాకుండా పోతుందన్న కీన్స్ చిక్కు మిగిలే ఉంటుంది. అయితే భయం ఒకవైపుదే కాదన్నది బోధన్ నేర్పే పాఠం. మళ్ళీ కర్మాగారం తెరుస్తామన్న మాట వినగానే రైతు వెంటనే చెరకు నాటడు. ఒకసారి తోట పొలంలోనే ఎండిపోవడం చూసినవాడు, రెండవసారి నమ్మడానికి కారణం అడుగుతాడు. కట్టుబడి లేని పెట్టుబడి మొదటి తరంలో సామర్థ్యాన్ని వెలికితీయగలదు. రెండవ తరం నాటికి నమ్మకమనే విత్తనాన్నే తినివేస్తుంది. ఆ తరువాత వచ్చే పెట్టుబడికి నీరు దొరకవచ్చు, నేల దొరకవచ్చు, ముందుగా నమ్మి నాటే చేయి దొరకదు.

ముగింపు

పని, ఆలోచన, మానవ సామర్థ్యం గురించి పెట్టుబడిదారు చేసే చింతనకు విలువ ఉంది. ముందుగా నమ్మడం ఒక నైతిక గుణం, దానిని తక్కువ చేయనక్కరలేదు. కాని బోధన్ సీమలో ముందుగా నమ్మినవారు ఒక్కరు కారు. కాలువ నీటిని నమ్మి ఆస్తి అమ్ముకొని వచ్చినవారు, గానుగను నమ్మి తోట నాటినవారు, పాన్‌ను నమ్మి వేళ్ళకు విద్య నేర్పినవారు, వీసాను నమ్మి అప్పు చేసినవారు కూడా పెట్టుబడిదారులే. సామర్థ్యం వీరందరి నమ్మకాలు కలిసినచోట రూపొందింది, ఏ ఒక్కరి సొత్తూ కాలేదు. అందువల్ల దానిని విడదీసే అధికారం ఏ ఒక్కరికీ సంపూర్ణంగా ఉండదు.

రాబడి అంచనా వేసే ప్రతి పత్రంలోనూ నష్టభయాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికలో సాధారణంగా కనిపించేవి సొమ్ము పెట్టినవాడికి ఎదురయ్యే ప్రమాదాలు. ఆ సొమ్మును నమ్మి నాటినవారికి, నేర్చుకున్నవారికి, వలస వచ్చినవారికి ఎదురయ్యే ప్రమాదాలు కూడా అదే పట్టికలో, అదే గౌరవంతో నమోదు కావాలి. అప్పుడే పెట్టుబడి అన్న మాట కట్టుబడికి తోబుట్టువన్న భాషాసత్యం వ్యవహారంలోనూ సత్యమవుతుంది.